తూటా దిగని తుపాకీ

మా ఇంట్లో ఒక పటాలం తుపాకీ ఉండేది. నాన్నగారు మునసబీ చేసే రోజుల్లో రాజమహేంద్రవరంలో సిపాయిలకి కొత్త తుపాకులు వచ్చాయని పాతవాటిని వేలం వేశారు. అడవిపందుల బెడద ఉందని చెప్పి, కచేరీ చుట్టూ తిరిగి లైసెన్సు సంపాదించి, ఆయన ఒకటి పాడుకున్నారు. ఆయన దాన్ని పేల్చగా నేను చూసింది తక్కువ, తుడవగా చూసింది ఎక్కువ. ఆయన పోయాక మునసబీతో పాటు తుపాకీ కూడా నాకు వచ్చింది. మునసబీ నాకు కాస్తో కూస్తో లొంగింది గాని తుపాకీ లొంగలేదు. ఇన్నేళ్ళయినా దాని మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

అది ముందు నుంచి మందు దట్టించే నాటు తుపాకీ కాదు. గొట్టానికి వెనక వైపు ఒక ఇనప మూత ఉంటుంది. దాన్ని కుడిపక్కకి తిప్పితే తూటా కూర్చునే అర కనిపిస్తుంది. బొటనవేలంత లావున్న తూటాని అందులోకి తోసి, మూత వేసి, మీట నొక్కాలి. ఇందులో తెలివితో చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. చదువూ సంధ్యా లేని సిపాయిలు వేలమంది కళ్ళు మూసుకుని చేసిన పని. ఆ ఎండాకాలం నేను చెయ్యలేకపోయింది సరిగ్గా అదే.

మా ఊరు గోదారి పాయ గౌతమి ఒడ్డున ఉంది. ఎదురుగా ఏటి మధ్య లంక. రేవు పక్కనే ఒక జాలరి, అతని భార్య ఉండేవారు. అతను లంకకి పడవ వేసేవాడు, ఆమె చేపలు అమ్మేది. ఒకరోజు తెల్లారేసరికి అతని పడవ ఖాళీగా ఇసకతిప్పకి ఆనుకుని ఉంది. పడవ తోసే గెడ నీళ్ళలో తేలుతోంది. మనిషి లేడు. రేవు కింద మడుగులో ఆ యేడు ఒక మొసలి చేరి మేకల్ని లాక్కుపోతోంది. మా ఎవరికీ అంతకు ముందు మొసలి భయం తెలియదు. తన మొగుణ్ణి మొసలే తీసుకుపోయిందని ఆమె గుండెలు బాదుకుంది.

ఊరు మాత్రం అలా అనుకోలేదు. అంతకు ముందు రోజే రంగూన్‌కి, మా వాళ్ళ మాటల్లో రంగానికి, కూలీల్ని పట్టుకుపోయే మేస్త్రీ ఒకడు మా ఊరు వచ్చి వెళ్ళాడు. అతనితో ఈ జాలరి చాలాసేపు మాట్లాడటం పదిమందీ చూశారు. ఇంకేముంది, కాకినాడ వెళ్ళి ఓడెక్కేశాడన్నారు. పడవ కావాలనే వదిలేశాడన్నారు. రంగం వెళ్ళినవాళ్ళకి అక్కడ ఇంకో సంసారం ఏర్పడటం ఆ రోజుల్లో వింతేమీ కాదు కాబట్టి, ఆ మాట కూడా కలిపి ఆమెకి వినపడేలాగే అన్నారు. వాళ్ళ కులపెద్దలు, మనిషి పోయినట్టు ఏదో ఒక ఆనవాలు చూపిస్తే దినం చేద్దాం, అప్పటిదాకా నీ బొట్టూ గాజులూ అలాగే ఉంచుకో అని తేల్చారు.

ఆమె తిన్నగా మా అరుగు దగ్గరికి వచ్చింది.

"మీ తుపాకీతో దాన్ని కొట్టండి బాబుగారూ. కడుపు కోసి సూద్దారి. ఆడి మొలకి ఎండి తాడుందండి, మా పెళ్ళికి మా అయ్య పెట్టిందే. మడిసి అరిగిపోతాడేమో గానండి, ఎండి అరగదు కదండి."

"అంత మాట ఎందుకే, తిరిగొస్తాడేమో చూడు" అన్నాను. ఏదో ఊరడింపు మాట.

ఆమె నావైపు కోపంగా చూసింది. "సచ్చిపోయాడంటే ఏడుత్తానండి. ఒదిలేసి పోయాడంటే ఏం సెయ్యమంటారు?"

ఏరు పోటెత్తి ఎర్రనీళ్ళు దిగితే మొసలి మడుగులో ఉండదు, వరదతో పాటు ఎటో పోతుంది. ఈ లోపలే పని కావాలి. ఇప్పటికే రోహిణి కార్తె నడుస్తోంది. నేను మునసబునన్న దర్జా అంతా గొంతులోకి తెచ్చుకుని, రేపు పొద్దున్నే దాని సంగతి చూస్తానని మాటిచ్చాను.

మర్నాడు ఎండ ఎక్కేసరికి మొసలి ఇసకతిప్ప మీద నోరు తెరుచుకుని పడుకుని ఉంది. రెల్లు దుబ్బుల చాటున నేను, నా వెనక ఆమె, ఆమె బావగారు, ఇంకో ఇద్దరు జాలర్లు. అంత అనువుగా ఏ మొసలీ ఎవరి ముందూ పడుకోదు. మూత తిప్పాను. తూటా పెట్టాను. అది వేలి కణుపంత బయటే ఆగిపోయింది. బొటనవేలితో నొక్కాను. అరచేత్తో నొక్కాను. మూత వేద్దామంటే తూటా అంచుకి తగిలి పడటం లేదు. తూటా మార్చాను. ఆ రెండోది కూడా అక్కడికే వచ్చి ఆగింది. చెమట కళ్ళలో పడుతోంది. నా గొణుగుడు విన్నదో ఏమో, మొసలి నోరు మూసుకుని, తొందరేమీ లేనట్టు నీళ్ళలోకి జారిపోయింది.

"ఏంటండి, పేలలేదు?" అన్నాడు బావగారు.

పేలడం దాకా వస్తే గదా! ఆ మాట పైకి అనలేదు. తూటాలు చెమ్మ పట్టాయని చెప్పాను. అప్పటికి నేను నమ్మిందీ అదే. తూటాల మీద కాగితం చుట్టి ఉంటుంది. గోదారి ఒడ్డున అప్పడాలే మెత్తబడిపోతాయి, కాగితం ఉబ్బదా? ఇంటికొచ్చి తూటాల్ని చేటలో పోసి వడియాల పక్కన ఎండబెట్టాను. నా భార్య వాటి చుట్టుపక్కలకి పిల్లల్ని రానివ్వలేదు, కాకుల్ని కూడా తోలింది. సాయంత్రానికి అవి చక్కగా ఎండాయి. చక్కగా ఎండి, మళ్ళీ అక్కడే ఆగాయి.

అయితే గొట్టంలో ఏదో ఉందనుకున్నాను. కడ్డీకి గుడ్డ చుట్టి ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి లాగాను. గుడ్డ తెల్లగా వచ్చింది. ఇంకో గుడ్డ. అదీ తెల్లగానే వచ్చింది. ఒక కన్ను మూసి ఆకాశం వైపు పెట్టి చూస్తే గొట్టం అద్దంలా ఉంది. నాన్నగారు అంత బాగా తుడిచేవారు మరి. ఏదైనా మురికి కనపడి ఉంటే ఎంత సంతోషించేవాణ్ణో! తప్పు కనపడకపోవడమంత చిరాకు ఇంకోటి లేదు.

కమ్మరిని పిలిపించాను. అతను తుపాకీని ముందు కళ్ళకద్దుకుని, తర్వాత వాసన చూసి, తర్వాత వేలితో తట్టి విని చెప్పాడు.

"గొట్టం ముడుసుకుపోయిందండి మునసబుగారూ. ఎండలు సూడండి ఎలా ఉన్నాయో."

"ఎండకి ఇనుము ముడుచుకుంటుందా? బండి చక్రానికి కమ్మీ ఎలా ఎక్కిస్తావయ్యా నువ్వు? కాల్చి సాగదీసే కదా?"

"అది కమ్మీ అండి. ఇది తుపాకీ."

అతను ఆకురాయి తీశాడు, తూటాని కాస్త సన్నం చేస్తానన్నాడు. లోపల మందుగుండు ఉందిరా నాయనా, కొలిమి పక్కన ఆ పని చెయ్యకు అని మొత్తుకుని, మా పెరట్లో కూర్చోబెట్టి, తూటా మీది కాగితం మాత్రం గీకడానికి ఒప్పుకున్నాను. గీకిన తూటా ఒక గింజంత ఎక్కువ లోపలికి వెళ్ళింది. వెళ్ళి అక్కడ బిగుసుకుపోయింది. ఇక ముందుకీ రాదు, వెనక్కీ రాదు. ఇంట్లో అందర్నీ వీధిలోకి పంపేసి, ముందు నుంచి కడ్డీ పెట్టి, నేను ఎరిగిన దేవుళ్ళందరినీ తలుచుకుంటూ కొద్దికొద్దిగా తోశాను. తూటా ఊడి పెరట్లో పడింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఈలోగా ఆమె రోజూ వచ్చేది. చేపల బుట్ట దింపి అరుగు కింద కూర్చునేది. "బాగయ్యిందాండి?" అని అడిగేది. రేపవుతుందని చెప్పేవాణ్ణి. బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళేది. నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. ఆమె నుదుట బొట్టు చూడలేకపోయేవాణ్ణి. రోజూ పెట్టుకునే వస్తుంది, అది కూడా కాస్త పెద్దదిగానే. దాన్ని చూసి రేవులో ఆడవాళ్ళు, మొగుడు రంగం నించి డబ్బు పంపుతున్నాడా అని వేళాకోళం ఆడుతున్నారని నా భార్య చెప్పింది. నాకు వాళ్ళ మీద వచ్చిన కోపం కూడా తుపాకీ మీదకే మళ్ళింది.

చివరికి రాజమహేంద్రవరం వెళ్ళి కొత్త తూటాలు తెద్దామని బయల్దేరాను. ఎండాకాలం పూడికలు తియ్యడానికి కాలవలు కట్టేస్తారు కాబట్టి పడవ లేదు. కడియం మీదుగా ఎడ్లబండి మీద, దుమ్ము తింటూ వెళ్ళాను. తుపాకులు బాగుచేసే సాయిబు ఒకాయన ఉండేవారు. నా తూటాల్ని చేతిలోకి తీసుకుని చూసి, గోడకి ఆనించి ఉన్న అలాంటిదే ఇంకో తుపాకీ తీసి, మూత తిప్పి నా తూటా వేశారు. బావిలో చెంబు దిగినట్టు దిగింది. తీసి నా చేతిలో పెట్టారు.

"తూటాకి ఏ జబ్బూ లేదండి. తుపాకీ ఏదీ?"

తుపాకీ ఇంట్లో ఉంది. దారిలో దొంగల భయమని తీసుకెళ్ళలేదు. దొంగల భయానికి తుపాకీని ఇంట్లో దాచి వెళ్ళిన మునసబు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. సాయిబు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ అదే దుమ్ములో వెనక్కి. దారి పొడుగునా మబ్బులు చూసుకుంటూ వచ్చాను. పడమట నల్లగా ఉంది. ఎగువన ఎక్కడో అప్పుడే వాన మొదలైంది.

అయితే ఆ ప్రయాణం ఒట్టినే పోలేదు. తూటా మంచిదేనని తేలింది. గొట్టం శుభ్రంగా ఉందని ముందే తేలింది. అంటే తప్పు ఉండాల్సిన చోటు ఆ అర ఒక్కటే. దాన్ని చూద్దామంటే వేలు వంచి దూర్చే వీల్లేదు, లోపల చీకటి. అప్పుడు మా వడ్రంగి బండి ఇరుసు బిగించేటప్పుడు చేసే పని గుర్తొచ్చింది. ఇరుసుకి దీపం మసి పూసి, చక్రం ఎక్కించి, తిప్పి తీస్తాడు. మసి ఎక్కడ చెరిగిపోతే అక్కడ చక్రం రాసుకుంటున్నట్టు. అక్కడ చెక్కుతాడు.

"కాటుక భరిణె ఒకసారి ఇలా ఇవ్వు" అన్నాను నా భార్యతో.

"ఎవరికండి?"

"తుపాకీకి."

ఆవిడ నావైపు అదోలా చూసి తెచ్చి ఇచ్చింది. తూటా ఒంటి నిండా కాటుక పూసి, అరలోకి తోసి, మెల్లిగా వెనక్కి లాగాను. అడుగున కాటుక చెక్కుచెదరలేదు. ముందు భాగంలో మాత్రం చుట్టూ చెరిగిపోయింది. చెరిగిన చోట నల్లదనం పోవడమే కాదు, ఏదో పసుపుపచ్చని మైనం లాంటిది అంటుకుని ఉంది. గోటితో గీకాను. బంకగా సాగింది. వాసన చూశాను. ఆముదం వాసన, దానితో పాటు ఇంకేదో తియ్యటి వాసన.

అప్పుడు నాకు చీమలు గుర్తొచ్చాయి. ఏటా దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి తుపాకీ మూత సందులోంచి చీమలు బారుగా పోతూ వస్తూ ఉండేవి. నేను పెట్టెలో కర్పూరం వేసి ఊరుకునేవాణ్ణి. ఇనుములో చీమలకేం పని అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"దీన్లో ఏం పోశావు?" అన్నాను. గొంతు పెద్దదైంది.

నా భార్య ఏమీ తొణకలేదు. "నేను పొయ్యడమేంటండి? ఆయుధపూజకి నైవేద్యం పెడతాం కదా. మీ అమ్మగారు ఎలా నేర్పితే అలాగే చేస్తున్నాను."

"నైవేద్యం ముందు పెట్టి తీసేస్తారు కదా! లోపల ఎందుకు పెట్టారు?"

"అమ్మవారి నోటికి అందించొద్దాండి? ఆముదంలో పసుపు కలిపి లోపల రాసి, ఓ చుక్క పానకం పొయ్యాలని అత్తగారు చెప్పారు."

"తుపాకీకి నోరు అటుంటుంది! గుండు వచ్చే వైపు!"

"అది ఉమ్మే వైపండి. తినేది ఇటే కదా. మీరు తూటా పెట్టేది ఎటు?"

ఇన్నేళ్ళు ఆ తుపాకీ పక్కన కాపురం ఉన్నాను, దాని నోరు ఎటో ఆవిడకి ఉన్నంత స్పష్టంగా నాకు ఎప్పుడూ లేదు. ఏటా ఒక పూత. ఆముదం, పసుపు, బెల్లం. ఎండాకాలం వేడికి ఒక్కో పూతా గట్టిపడి పక్షవాతం పట్టిన చెయ్యిలా కదలకుండా కూర్చుంది. అర కన్నా గొట్టం సన్నం కాబట్టి, గొట్టానికి సరిపడే గుడ్డ అరలో ఏ పక్కా తగలకుండా వచ్చేస్తోంది. నాన్నగారు ముందు నుంచి తుడిచేవారు, అమ్మ వెనక నుంచి పూసేది. ఇద్దరూ భక్తిగానే చేశారు. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోలేం గనక ఆ పూట పిల్లల మీద, పాలేరు మీద, ఎడ్ల మీద అరిచాను.

దాన్ని వదిలించడం ఇంకో యజ్ఞం. సలసల కాగే నీళ్ళు పోస్తే బెల్లం కరిగింది గాని ఆముదం పెంకు కదలలేదు. కుంకుడు రసం, బూడిద నీళ్ళు పోసి నానబెట్టి, వెదురుపుల్లకి కొబ్బరి పీచు చుట్టి, పొరలు పొరలుగా గీకాను. పసుపుపచ్చని పెచ్చులు ఊడి పళ్ళెంలో పడ్డాయి. నా భార్య వాటిని ఎవరి కాళ్ళ కిందా పడకుండా ఏరి తులసికోటలో వేసింది. ఆ రోజు అరుగు కింద కూర్చున్న ఆమె, నేను గీకుతున్నంతసేపూ లేవలేదు. నా చేతి వంక తప్ప ఎటూ చూడలేదు.

"ఏరు రంగు మారతందండి" అంది ఒకసారి.

"తెలుసే!" అని కసిరాను. పాపం, ఆమె చేసిందేమీ లేదు.

తూటా వేశాను. దిగింది. మూత వేస్తే పడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్ముతారో లేదో.

మర్నాడు మబ్బు పట్టి ఉన్నా మొసలి తిప్ప మీదకి వచ్చింది. తిప్ప సగానికి పైగా మునిగింది, నీళ్ళలో ఎర్రజీర కనిపిస్తోంది. మళ్ళీ అవే రెల్లు దుబ్బులు, వెనక వాళ్ళే. ఈసారి తుపాకీ మొరాయించలేదు. గుండు మెడ వెనక తగిలింది. మొసలి తోకతో ఇసకని రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. జాలర్లు మోకు వేసి ఈవలి ఒడ్డుకి లాగారు. ఊరు ఊరంతా రేవులోనే ఉంది.

కడుపు కోసింది ఆమె బావగారు. ఆమె పక్కనే కూర్చుంది. లోపల గులకరాళ్ళు ఉన్నాయి. చేప ముళ్ళు, తాబేటి చిప్ప ముక్కలు, మేకపోతు కొమ్ము ఉన్నాయి. ఎవరి మేక మెళ్ళోదో ఒక ఇత్తడి గంట బయటపడింది. దాన్ని నీళ్ళలో కడిగితే పచ్చగా మెరిసింది. అంతకు మించి ఏమీ లేదు. బావగారు పేగులన్నీ ఇసక మీద పరిచి, చేత్తో పిసికి, మళ్ళీ మొదటినుంచి చూశాడు. వెండి తాడు లేదు.

మేకలు తిన్న మొసలి ఇదేనని ఆ గంట చెబుతూనే ఉంది. లోహం అరగదని కూడా చెబుతోంది. ఆడవాళ్ళు ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. అందరి మొహాల్లోనూ కాకినాడ ఓడ కనపడింది నాకు. బావగారు చేతులు కడుక్కుని, ఎక్కడో చూస్తూ, "ఇంటికి పోదాం పదమ్మా" అన్నాడు.

ఆమె లేచింది. ఏడవలేదు. గాజులు సవరించుకుని, మొసలిని దాటుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇది కాదండి బాబుగారూ. మడుగులో ఇంకోటుంటది. తూటా పెట్టండి."

ఆ మడుగులో ఉన్నది ఒకటే మొసలి. ఆ సంగతి రేవులో ఉన్న అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆమెకి తెలియదని అనుకోలేను. కానీ ఆమె నా మొహంలోకే చూస్తోంది, నేను ఆ మాట అంటానేమోనని భయపడుతూ.

మూత తిప్పి తూటా పెట్టాను. ఏ అడ్డూ లేకుండా దిగింది.